1969 కమారో జెడ్-28: ఇంజిన్‌కు ఆ కాలపు భాగాలేవో తేల్చుకోవడం ఎలా?

1969 నాటి షెవ్రొలే కమారో జెడ్-28 (కమారోలో పందేల కోసం పుట్టిన రకం) కోసం ఇంజిన్ బ్లాకు, అంటే సిలిండర్లుండే ప్రధాన పోత భాగం, వెతికేవారికి అమ్మకందారు మొట్టమొదట చెప్పే మాట 3970010 అన్న నంబరు. ఆ నంబరు సరైనదే. అయితే అదే నంబరుతో పోతపోసిన బ్లాకులు 1970 దశకం చివరి దాకా మామూలు 350 (ఘనపుటంగుళాల) ఇంజిన్లలోకి, పికప్ ట్రక్కుల్లోకి లెక్కకు మిక్కిలిగా వెళ్లాయి. అందువల్ల ఆ ఒక్క నంబరును నమ్మి డబ్బు చెల్లించినవారు ఇంటికి తెచ్చుకున్నది చాలాసార్లు ట్రక్కు బ్లాకే అయింది. ఉద్యోగరీత్యా మిచిగన్‌లో స్థిరపడి, వారాంతాల్లో గరాజ్‌లో పాత ఇంజిన్లు విప్పుకుని కూర్చునే నాకూ ఆ అనుభవం ఉంది. అది ఎలా జరిగిందో సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఈ గందరగోళానికి మూలం ఆ ఇంజిన్ పుట్టుకలోనే ఉంది. ఎస్‌సీసీఏ అనే అమెరికా కారు పందేల సంస్థ నిర్వహించే ట్రాన్స్-యామ్ పందేలలో ఇంజిన్ పరిమాణం 305 ఘనపుటంగుళాలు దాటరాదన్న నిబంధన ఉండేది. షెవ్రొలే ఇంజనీర్లు 327 ఇంజిన్‌లోని 4 అంగుళాల బోరుకు (సిలిండర్ వ్యాసం), 283 ఇంజిన్‌లోని 3 అంగుళాల స్ట్రోకును (పిస్టన్ కదిలే దూరం) జతచేసి 302 ఘనపుటంగుళాల వి-8ను తయారుచేశారు. 1967లో 602, 1968లో 7,199, 1969లో 20,302 జెడ్-28 కార్లు తయారయ్యాయి. ఇంజిన్ ప్రత్యేకమైనదే అయినా, దాని భాగాల్లో చాలావాటికి 327, 350 ఇంజిన్లలో కవల సోదరుల్లాంటివి ఉన్నాయి. బయటి నుంచి చూసి ఇది 302 అని చెప్పగలవారు ఎవరూ లేరు.

కాస్టింగ్ నంబరును ఇంటిపేరుగా, కాస్టింగ్ తేదీని పుట్టిన తేదీగా, బ్లాకు మీద పంచ్ చేసిన అక్షరాలను అసలు పేరుగా భావించండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన మనవాడు కాడు కదా. ఈ మూడింటినీ వేరువేరుగా చదివి, కొలతలతో సరిచూసి, నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడే ఆ భాగాన్ని అంగీకరించాలి.

ముందు కారును చదవండి

ఇంజిన్ జోలికి వెళ్లేముందు కారు ఎప్పుడు, ఎక్కడ తయారైందో తెలుసుకోండి, ఎందుకంటే భాగాల తేదీలన్నిటినీ ఆ తేదీతోనే పోల్చవలసి ఉంటుంది. డ్రైవర్ ముందున్న అద్దం గుండా, డాష్‌బోర్డు మీద కనిపించే వి.ఐ.ఎన్. (కారు గుర్తింపు సంఖ్య) పలకపై 124379ఎన్5 అని మొదలయ్యే సంఖ్య ఉంటే, మొదటి 1 షెవ్రొలేను, 124 అన్న మూడంకెలు కలిసి వి-8 కమారోను, 37 రెండు తలుపుల కూపేను, 9 అన్నది 1969 మోడల్‌ను, ఎన్ అన్న అక్షరం ఒహాయోలోని నార్‌వుడ్ కర్మాగారాన్ని సూచిస్తాయి. ఎన్ స్థానంలో ఎల్ ఉంటే ఆ కారు లాస్ ఏంజెలస్ కర్మాగారంలో తయారైంది. ఈ సంఖ్యలో ఎక్కడా జెడ్-28 అన్న సూచన ఉండదు. కాబట్టి వి.ఐ.ఎన్. చూపించి ఇది అసలైన జెడ్-28 అని వాదించేవారి మాటను పట్టించుకోనవసరం లేదు.

తరువాత ఇంజిన్ వెనుక గోడ మీద డ్రైవర్ వైపున రివెట్లతో బిగించిన ట్రిమ్ ట్యాగ్‌ను చూడండి. దానిపై 06ఎ వంటి గుర్తు ఉంటుంది. 06 అంటే జూన్ నెల, ఎ అంటే మొదటి వారం. నార్‌వుడ్ కార్లకు, ఆ మోడల్ సంవత్సరం మొదట్లో తయారైనవి మినహాయిస్తే, ఇదే ట్యాగ్ మీద ఎక్స్33 లేదా ఎక్స్77 అన్న కోడ్ ఉంటే అది జెడ్-28కు మంచి సాక్ష్యం. లాస్ ఏంజెలస్ కార్లకు ఈ ఎక్స్ కోడ్ ఉండదు, అది లేనంత మాత్రాన కారును అనుమానించకండి. 1970 మోడల్ రావడం ఆలస్యమైనందువల్ల 1969 కమారోల తయారీ ఆ ఏడాది నవంబరు దాకా సాగిందన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. 1969 సెప్టెంబరు తేదీ ఉన్న బ్లాకును చూసి అది 1970 మోడల్‌ది అని తోసిపుచ్చితే మంచి బ్లాకును చేజేతులా వదులుకున్నవారవుతారు.

మీ లక్ష్యమేమిటో కూడా ఈ దశలోనే నిర్ణయించుకోండి. కారుతో పుట్టిన ఇంజిన్ మీ వద్ద ఉంటే దాన్ని కాపాడుకోవడమే మీ పని. అది ఎప్పుడో పోయి ఉంటే, కారు తేదీకి సరిపోయే తేదీలున్న అదే రకం భాగాలతో మరో ఇంజిన్ కట్టుకోవచ్చు. అది గౌరవప్రదమైన పనే, దాన్ని అలాగే చెప్పుకున్నంత కాలం.

శుభ్రం చేయడంలో జాగ్రత్త

కిరోసిన్ లేదా డీగ్రీజర్, నైలాన్ బ్రష్, గట్టి టార్చి, ఒక వెర్నియర్ కాలిపర్, తెల్ల కాగితం, మెత్తటి పెన్సిలు ఉంటే చాలు. ఇనుప తీగల బ్రష్‌ను, ఎమరీ కాగితాన్ని, గ్రైండర్‌ను బ్లాకు ముందు భాగానికి దూరంగా ఉంచండి. యాభై ఏళ్ల మడ్డిని వదిలించాలన్న ఆత్రంలో అరగంట ఇసుకపోటు పెట్టించి, బ్లాకు మీద ఉన్న ఏకైక సాక్ష్యాన్ని చెరిపేసుకున్న ఇంజిన్లను నేను చూశాను.

పంచ్ చేసిన అక్షరాలను చదవడం

అమెరికా కార్లలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కనుక, ఇకపై కుడి అంటే ప్రయాణికుడి వైపు అని అర్థం చేసుకోండి. కుడి సిలిండర్ హెడ్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) ముందు అంచుకు ఆనుకుని, బ్లాకు మీద బొటనవేలు వెడల్పున చదునైన చోటు ఒకటి ఉంటుంది. దాన్నే ప్యాడ్ అంటారు. 1969లో ఆల్టర్నేటరును కుడివైపుకు మార్చినందువల్ల ఈ ప్యాడ్ ఆల్టర్నేటరు వెనుక, దాని బిగింపుల నీడలో పడిపోయి కనిపించదు. ఆల్టర్నేటరు విప్పకుండా అద్దం పెట్టి చదివి తృప్తిపడవద్దు. దాన్ని విప్పి పక్కన పెట్టి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, టార్చిని ప్యాడ్‌కు దాదాపు సమాంతరంగా పట్టుకుని పక్కవాటు వెలుతురులో చూడండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది సింహాలను దించుకున్నట్టే, ఇక్కడ కూడా కాగితం పెట్టి రుద్దితే కంటికి ఆనని గీతలు కూడా కాగితం మీదికి వస్తాయి.

మనకు కావలసినది ఇలా ఉంటుంది: వి0522డిజెడ్. మొదటి వి మిచిగన్‌లోని ఫ్లింట్ ఇంజిన్ కర్మాగారానిది. 0522 అంటే మే 22న ఇంజిన్ కూర్చారని అర్థం. చివరి డిజెడ్ అన్న రెండక్షరాలే 1969 జెడ్-28లోని 302 ఇంజిన్‌కు కేటాయించిన కోడ్. 1967, 1968 సంవత్సరాల 302లకు కోడ్ వేరు, ఎంఓ అన్నది వాటిలో తరచుగా కనిపించేది. 1970 నుంచి షెవ్రొలే ఈ చివరి కోడ్‌ను మూడక్షరాలకు మార్చింది, కాబట్టి మూడక్షరాలు కనిపిస్తే ఆ ఇంజిన్ 1969ది కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

దీనికి తోడు, కారు వి.ఐ.ఎన్. లోని కొంత భాగాన్ని ఇంజిన్ మీద కూడా పంచ్ చేశారు. అది 19ఎన్ అని మొదలై, తరువాత కారు వరుస సంఖ్యలోని ఆరంకెలతో ముగుస్తుంది. ఇది ప్యాడ్ మీదనే ఉండవచ్చు, లేదా ఆయిల్ ఫిల్టరు పైన బ్లాకు గరుకు భాగం మీద ఉండవచ్చు. ప్యాడ్ మీద కనిపించలేదని నిరాశపడకుండా ఫిల్టరు విప్పి అక్కడ కూడా చూడండి. ఈ ఆరంకెలు మీ డాష్‌బోర్డు పలకలోని చివరి ఆరంకెలతో కలిస్తే, ఆ ఇంజిన్ ఆ కారుతో పుట్టినదే. కారులోని మన్సీ రకపు గేర్‌బాక్స్ మీద కూడా ఇదే సంఖ్య పంచ్ చేసి ఉంటుంది కనుక, ఇంజిన్ మీది అంకెలు అరిగిపోయినప్పుడు గేర్‌బాక్స్ సాక్ష్యం కొంత ఆసరా అవుతుంది.

ఇక నకిలీ పంచ్‌ల సంగతి. డిజెడ్ అక్షరాలున్న బ్లాకుకూ లేని బ్లాకుకూ ధరలో ఉన్న తేడా వల్ల, ప్యాడ్‌ను నున్నగా చేసి కొత్తగా అక్షరాలు కొట్టేవారు తయారయ్యారు. కర్మాగారంలో బ్లాకు పైభాగాన్ని బ్రోచ్ అనే యంత్రంతో ఒకే ఊపులో చదును చేసేవారు. అందువల్ల అసలు ప్యాడ్ మీద ముందు నుంచి వెనుకకు సాగే సన్నని సమాంతర గీతలు, దువ్వెన ఈడ్చినట్టు, అక్షరాల మధ్యనుంచి కూడా కనిపిస్తాయి. ప్యాడ్ అద్దంలా మెరుస్తున్నా, గీతలు గుండ్రంగా తిరుగుతున్నా, అడ్డంగా ఉన్నా ఎవరో దాని మీద చేయిచేసుకున్నారని అనుకోవాలి. అక్షరాల పొందిక కూడా చూడండి. ఇంజిన్ కర్మాగారంలో అక్షరాలన్నిటినీ ఒకే పట్టీలో బిగించి ఒక్క దెబ్బతో కొట్టేవారు కాబట్టి అవి ఒకే వరుసలో, ఒకే ఎడంతో ఉంటాయి. వి.ఐ.ఎన్. భాగాన్ని మాత్రం కారు కర్మాగారంలో వేరే పట్టీతో కొట్టారు, కనుక ఆ రెండు వరుసలూ ఒకదానికొకటి వంకరగా ఉండటం సహజం. రెండూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే తీరున ఉంటేనే నాకు అనుమానం వస్తుంది.

ప్యాడ్ మీద సిఇ అన్న అక్షరాలతో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే అది మోసం కాదు. వారంటీ కింద కంపెనీ మార్చి ఇచ్చిన ఇంజిన్లకు ఆ గుర్తు వేసేవారు. ఆ కారుతో పుట్టినది కాకపోయినా, దాని చరిత్రలో అది న్యాయంగా చోటు దక్కించుకున్న ఇంజినే.

బ్లాకు కాస్టింగ్ నంబరు, తేదీ

బ్లాకు వెనుక భాగంలో, గేర్‌బాక్స్ బెల్‌హౌసింగ్ అతుక్కునే అంచు మీద, ఎడమవైపు కాస్టింగ్ నంబరు, కుడివైపు తేదీ ఉబ్బెత్తుగా పోతలోనే ఉంటాయి. 1969 జెడ్-28కు మూడు నంబర్లు చెల్లుతాయి: మొదట్లో 3932386, తరువాత 3956618, మోడల్ సంవత్సరం రెండో భాగంలో 3970010. తేదీలో మొదటి అక్షరం నెల, ఎ జనవరి నుంచి ఎల్ డిసెంబరు వరకు. తరువాత తారీఖు, చివర సంవత్సరపు ఆఖరి అంకె. ఇ 14 9 అంటే మే 14, 1969. కె 12 8 అంటే నవంబరు 12, 1968.

ఇక్కడే నేను మోసపోయాను. పాత భాగాలు అమ్మే ఒక స్వాప్ మీట్‌లో ఒకాయన తార్పాలిన్ మీద పెట్టిన బ్లాకు చూపించాడు. నంబరు 3970010, తేదీ ఇ అక్షరంతో మొదలై 9తో ముగిసింది. ప్యాడ్ నున్నగా చెక్కేసి ఉంది, బ్లాకును గతంలో చదును చేయించారని చెప్పాడు. కింద ఆయిల్ ప్యాన్ బిగించే ఉంది. ఇంటికి తెచ్చి ప్యాన్ విప్పితే, క్రాంక్ షాఫ్ట్‌ను (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసు) పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాప్‌లన్నీ రెండేసి బోల్టులతో ఉన్నాయి. 1969 జెడ్-28 బ్లాకుకు మధ్యనున్న మూడు క్యాప్‌లకు నాలుగేసి బోల్టులు ఉండి తీరాలి. తేదీలోని ఆ 9 అన్నది 1969 కాదు, 1979. ఒక్క అంకెతో సంవత్సరం రాయడంలో ఉన్న చిక్కు ఇదే. అప్పటి నుంచి ప్యాన్ విప్పనివ్వని అమ్మకందారు దగ్గర నేను పర్సు తీయలేదు.

నాలుగు బోల్టులు కనిపించినంత మాత్రాన కూడా తొందరపడకండి. 350 ఇంజిన్ల బ్లాకుల్లోనూ నాలుగు బోల్టులవి ఉన్నాయి. రెండు బోల్టులుంటే కాదని చెప్పగలం, నాలుగుంటే అవునని చెప్పలేం.

తేదీల వరుసను ఒక కాగితం మీద రాసుకోండి. బ్లాకు పోత మే 14, ఇంజిన్ కూర్పు మే 22, కారు జూన్ మొదటి వారం అయితే కథ సజావుగా ఉంది. బ్లాకు, హెడ్లు, మానిఫోల్డు వంటి ప్రతి పోత భాగం తేదీ ఇంజిన్ కూర్పు తేదీకి ముందే ఉండాలి, సాధారణంగా కొద్ది వారాల లోపు. కారు జూన్‌లో తయారై, హెడ్ జూలైలో పోతపోసినదైతే ఎవరెన్ని చెప్పినా ఆ హెడ్ తరువాత వచ్చి చేరినదే. నాలుగైదు నెలల ముందు తేదీ అయితే మాత్రం వెంటనే కొట్టిపారేయకండి, కొన్ని భాగాలు కర్మాగారపు గోదాములో కొంతకాలం పడి ఉండేవి.

స్ట్రోకు కొలవండి

ప్యాడ్ మీద అక్షరాలు లేనప్పుడు, లోపల నిజంగా 302 ఉందా అన్నది తేల్చేది కొలత ఒక్కటే. 302, 327, 350 మూడింటికీ బోరు 4 అంగుళాలే, అంటే 101.6 మిల్లీమీటర్లు. తేడా అంతా స్ట్రోకులో ఉంది: 302కు 3 అంగుళాలు, 327కు 3.25, 350కి 3.48. మిల్లీమీటర్లలో 76.2, 82.6, 88.4. హెడ్ విప్పి ఉంటే పిస్టన్‌ను అడుగుకు దించి, బ్లాకు పైభాగం నుంచి పిస్టన్ అంచు వరకు లోతు కొలవండి. తరువాత పిస్టన్‌ను పైకి తెచ్చి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాయే స్ట్రోకు. 302 పిస్టన్ నడిమిభాగం గుమ్మటంలా పైకి ఉబికి ఉంటుంది కాబట్టి మధ్యలో కొలిచి పొరబడకుండా, రెండుసార్లూ అంచు మీద ఒకే చోట కొలవాలి.

స్ట్రోకు 3 అంగుళాలని తేలిన తరువాత కూడా ఒక మెలిక మిగిలి ఉంటుంది. పాత 283 ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌కు కూడా అదే స్ట్రోకు ఉంది, మందపు బేరింగులు వేసి దాన్ని పెద్ద బ్లాకులో కూర్చోబెట్టడం కుర్రకారు మెకానిక్కులకు అప్పట్లో అలవాటే. 1968, 1969 సంవత్సరాల 302లో క్రాంక్ మెయిన్ జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) వ్యాసం 2.45 అంగుళాలు, అంటే 62.2 మిల్లీమీటర్లు. 283లోనూ, 1967 నాటి 302లోనూ అది 2.30 అంగుళాలు, అంటే 58.4 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో చూస్తే ఇక అనుమానానికి తావుండదు. పైగా జెడ్-28లో ఉన్నది పోత క్రాంక్ కాదు, సాగగొట్టిన ఉక్కు క్రాంక్. అచ్చుల అతుకు గీత సన్నగా, కత్తితో గీసినట్టు ఉంటే అది పోతది, వేలెడు వెడల్పున చదునుగా పరుచుకుని ఉంటే అది ఫోర్జింగ్. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి చూడండి. ఉక్కుది గుడిగంటలా ఖంగుమని మోగి కాసేపు నిలుస్తుంది, పోతది మట్టికుండలా డబ్బుమని ఆగిపోతుంది. మా గరాజ్‌లో ఈ పరీక్ష చూడడానికి పక్కింటివారు కూడా వస్తారు.

సిలిండర్ హెడ్లు

హెడ్ చివరన, బయటికి కనిపించే చోట, ఒంటె మూపుల్లాంటి రెండు గుబ్బల గుర్తు ఉంటే అది ఈ కుటుంబానిది. కాస్టింగ్ నంబరు, తేదీ వాల్వ్ కవర్ కింద ఉంటాయి. 1969 జెడ్-28లో ఎక్కువగా కనిపించే నంబరు 3927186. దీన్నే 186 హెడ్ అంటారు. కానీ ఇదే నంబరు 350 ఇంజిన్లలోకి కూడా వెళ్లింది, అక్కడ చాలావాటిలో ఇన్‌టేక్ వాల్వు వ్యాసం 1.94 అంగుళాలు. జెడ్-28లో 2.02 అంగుళాలు, ఎగ్జాస్ట్ వాల్వు 1.60. మిల్లీమీటర్లలో ఇన్‌టేక్ తేడా 49.3కు, 51.3కు మధ్య. ఇది కంటికి ఆనదు, వాల్వు విప్పి కొలవాలి. చిన్న వాల్వుల హెడ్‌ను తరువాత పెద్ద వాల్వులకు చెక్కించి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అవును, చాలామంది చేయించారు. అది గుండ్రని సీటు చుట్టూ చెక్కుడు ఎంత శుభ్రంగా ఉందో చూసి అంచనా వేయవలసిన విషయమే తప్ప, తేల్చిచెప్పే ఉపాయం లేదు.

హెడ్ ముందు, వెనుక అంచుల్లో బోల్టు రంధ్రాలున్నాయో లేదో కూడా చూడండి. 1969లో ఆల్టర్నేటరు, ఇతర ఉపకరణాల బిగింపుల కోసం ఈ రంధ్రాలు వచ్చాయి. అంతకు ముందువాటికి ఉండవు. రంధ్రాలు లేని హెడ్లు తెచ్చుకుంటే, ఆ కాలానివే అయినా 1969 ఆల్టర్నేటరును ఎక్కడ బిగించాలో దిక్కుతోచదు.

పైభాగం: మానిఫోల్డు, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు

1969 ఇన్‌టేక్ మానిఫోల్డు (గాలి, పెట్రోలు మిశ్రమాన్ని సిలిండర్లకు పంచేది) అల్యూమినియంది, కాస్టింగ్ నంబరు 3932472. 1968 నాటిది 3917610. నంబరు చదవకముందే ఈ రెండింటినీ వేరుచేసే గుర్తు ఒకటి ఉంది: 1968 వరకు ఇంజిన్ ఆయిలు పోసే గొట్టం మానిఫోల్డు ముందు భాగంలో ఉండేది, 1969లో అది వాల్వ్ కవర్ మీదికి మారింది. కాబట్టి ముందు గొట్టం ఉన్న మానిఫోల్డూ, ఆయిలు పోసే రంధ్రం లేని వాల్వ్ కవర్లూ మీ కారువి కావు. మానిఫోల్డు మీద మంచుపువ్వు గుర్తు ఉంటే అది వింటర్స్ ఫౌండ్రీలో పోతపోసినది. అక్కడ తేదీని అక్షరాలతో కాక నెల, తారీఖు, సంవత్సరం అంకెల్లోనే వేశారు, బ్లాకు తేదీ చదివినట్టు చదవబోతే అయోమయం తప్పదు. రెండు కార్బురేటర్ల క్రాస్-ర్యామ్ మానిఫోల్డు చూపించి కర్మాగారంలో బిగించినదే అని ఎవరైనా అంటే నమ్మకండి. అది డీలరు కౌంటరు మీద విడిగా అమ్మిన భాగం, వేసుకుంటే అందమే గాని అది కారుతో బయటికి వచ్చినది కాదు.

కార్బురేటరు హాలీ కంపెనీది, నిమిషానికి 780 ఘనపుటడుగుల గాలి పట్టేది. చోక్ గోడ మీద జీఎం నంబరు 3923289, దాని కింద లిస్ట్ 4053, ఆపైన మూడంకెల తేదీ పంచ్ చేసి ఉంటాయి. తేదీలో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల, మూడోది వారం. 951 అంటే 1969 మే మొదటి వారం. పాత హాలీలను బాగుచేసేవారు రెండు మూడు కార్బురేటర్ల నుంచి భాగాలు కలిపి ఒకటి చేస్తుంటారు కాబట్టి, పై భాగం మీది నంబరు ఒక్కటే చూసి కింది థ్రాటిల్ బాడీ కూడా దానిదే అనుకోకండి.

డిస్ట్రిబ్యూటరు నంబరు 1111480. దాని మెడకు చుట్టిన అల్యూమినియం పట్టీ మీద ఈ నంబరు, 9ఇ12 వంటి తేదీ ఉంటాయి. పట్టీ వేరే డిస్ట్రిబ్యూటరుకు మార్చడం కష్టమైన పనేమీ కాదు. ఒక సులువైన పరీక్ష ఉంది: డిస్ట్రిబ్యూటరు పక్కన టాకోమీటరు కేబుల్ బిగించే మూతి ఉంటే అది కార్వెట్‌ది. కమారోకు ఆ అవసరం లేదు. ప్లగ్ వైర్ల మీద కూడా 2-క్యూ-69 వంటి ముద్ర ఉండేది, ఆ ఏడాది రెండో త్రైమాసికంలో తయారైందని. అసలు వైర్లు ఇప్పుడు కారు నడపడానికి పనికిరావు, అదే ముద్రతో కొత్తవి దొరుకుతాయి.

ముందు భాగం: అసలు కంటే కొసరు ఖరీదు

పాత ఇంజిన్లు కట్టేవారు బ్లాకు, హెడ్ల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా నీటి పంపు మీద పెట్టరు. 1968 వరకు చిన్నబ్లాకు (283, 302, 327, 350 కుటుంబపు) ఇంజిన్ల నీటి పంపు పొట్టిది, 1969లో పొడవుది వచ్చింది. బ్లాకు నుంచి కప్పీ బిగించే ముఖం వరకు పొట్టిది సుమారు 143 మిల్లీమీటర్లు, పొడవుది సుమారు 176. పంపు మారితే కప్పీలు, బిగింపులు, ఆల్టర్నేటరు స్థానం, బెల్టు పొడవు అన్నీ మారతాయి, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు. 1969 పంపుకు 3927170 అన్న కాస్టింగ్ నంబరు చూడండి. ఆల్టర్నేటరు ఎడమవైపున ఉన్న 1969 జెడ్-28 ఫొటో మీకు ఎవరైనా పంపితే, ముందుభాగమంతా 1968 లేదా అంతకు ముందు ఇంజిన్ నుంచి తెచ్చి బిగించారని కారు చూడకుండానే చెప్పవచ్చు.

పొగ నియంత్రణ కోసం కర్మాగారం అమర్చిన గాలి పంపు, దాని గొట్టాలు, ఎగ్జాస్ట్ మానిఫోల్డుల్లోకి దిగే సన్నని నాళాలు ఇంకొక కథ. కొత్త కారు ఇంటికి వచ్చిన నెలలోనే వాటిని పీకి చెత్తబుట్టలో పారేసిన యజమానులు ఎందరో. అందుకే ఇవాళ పూర్తి సెట్టు దొరకడం బ్లాకు దొరకడం కంటే కష్టం. ఎగ్జాస్ట్ మానిఫోల్డు కొనేటప్పుడు ఒక్కొక్క పోర్టుకు ఆ నాళాల కోసం చేసిన మరలు తీసిన రంధ్రం ఉందో, ఉంటే దాన్ని ప్లగ్గుతో మూసేశారో చూసుకోండి. రంధ్రాలే లేని మానిఫోల్డు తరువాత మళ్లీ మార్చుకోవలసి వస్తుంది.

లోపల ఎంతవరకు పాతది?

క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) 3849346 నంబరుది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండింటికీ 0.030 అంగుళాల సందు పెట్టాలి కాబట్టి దానికి 30-30 అన్న పేరు స్థిరపడింది. వాల్వులను ఎత్తే గట్టి లిఫ్టర్లు టకటకమంటూ చేసే ఆ చప్పుడు లేకపోతే జెడ్-28 అనిపించుకోదు, దీన్ని హైడ్రాలిక్ క్యామ్‌కు మార్చమని నేనెప్పుడూ సలహా ఇవ్వను. పిస్టన్ల విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం. అసలు కంప్రెషన్ 11కు 1. అది సీసం కలిపిన ఆనాటి ప్రీమియం పెట్రోలుకు తగినది. ఇవాళ బంకులో దొరికే పెట్రోలుతో ఆ ఇంజిన్ ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్లు కుదిపినట్టు కొట్టుకుంటుంది. ప్రదర్శనలో న్యాయనిర్ణేత పిస్టన్ విప్పి చూడడు. కాబట్టి బయటికి కనిపించే ప్రతి భాగం ఆ కాలానిదిగా ఉంచి, లోపల గుమ్మటం తక్కువున్న కొత్త ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసుకోవడమే మేలు. పాత పిస్టన్లను నూనె పూసి, నంబర్లు వేసి, పెట్టెలో దాచి కారుతోపాటు ఉంచండి.

మెషిన్ షాపుకు పంపే ముందు

బ్లాకు గరాజ్ దాటకముందే ప్యాడ్, కాస్టింగ్ నంబరు, తేదీ ఫొటోలు తీసి, పెన్సిలు రుద్దిన కాగితాలను తేదీ వేసి దాచండి. బ్లాకు పైభాగం చదును చేయడమన్నది మెషిన్ షాపులో అలవాటుగా చేసే పని, ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే కట్టర్ ముందు అంచు దాకా పోయి ప్యాడ్‌ను కూడా గీకేస్తుంది. ఆ తరువాత మీ వద్ద ఉన్నది ఎంత అసలైన డిజెడ్ బ్లాకు అయినా నిరూపించే దారి లేదు. హెడ్ గాస్కెట్ ఆనే చోటు వరకే చెక్కి, ప్యాడ్ ముందు ఆపమని పనిచేసే మనిషికి స్వయంగా చెప్పండి. ఆర్డరు కాగితం మీద రాయించి, అది చాలదన్నట్టు ప్యాడ్ మీద రంగు టేపు అతికించి, దాని మీద మార్కరుతో ముట్టుకోవద్దని రాయండి. మా ఊళ్లో నేను వెళ్లే షాపులో ఈ టేపు చూసి నవ్వుతారు. నవ్వినా సరే, బ్లాకు తిరిగి వచ్చినప్పుడు టేపు ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకున్నాకే డబ్బులు ఇస్తాను.